ఇంటికి ఫోన్ చేశాం

పాల సీసాలు మరిగే నీళ్ళలో వేసి గడియారం వైపు చూస్తుంటే, వెనక నుంచి అత్తయ్య అన్నారు.

"ఇంట్లోనూ అదే పని, అక్కడా అదే పని. ఆ మాత్రం దానికి మెడలో కార్డొకటి!"

నవ్వుతూనే అన్నారు. మా ఇంట్లో నా ఉద్యోగం గురించి ఎవరేమన్నా నవ్వుతూనే అంటారు. మా ఆయనైతే స్నేహితులు వచ్చినప్పుడల్లా, "మా ఆవిడ ఆస్పత్రిలో అంట్లు తోముతుంది, ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంది," అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే "జోకు కూడా అర్థం కాదు పాపం" అని ఇంకో జోకు వేస్తాడు, దానికి ఇంకా ఎక్కువ నవ్వుతారు.

నేను పనిచేసేది ఆస్పత్రి భవనం అడుగున, కిటికీల్లేని స్టెరిలైజేషన్ గదిలో. మూడో అంతస్తులో ఆపరేషన్లు అవుతాయి. రక్తంతో తడిసిన కత్తెరలు, పట్టకార్లు, క్లిప్పులు ట్రేలలో మా దగ్గరికి దిగుతాయి. వాటి కీళ్ళు విప్పి బ్రష్షుతో తోమాలి. భూతద్దం కింద పెట్టి చూడాలి. జాబితా ప్రకారం లెక్కపెట్టి సర్ది, రెండు పొరల బట్టలో చుట్టి, టేపు అంటించి ఆవిరి యంత్రంలోకి పంపాలి. ప్రతి ట్రే మీదా ఒక చీటీ ఉంటుంది. దాని మీద సర్దినవాళ్ళ సంతకం, టైము. ఒక్క కత్తెర తగ్గితే పైన కడుపు తెరిచి ఉన్న మనిషి బల్ల మీద ఎదురుచూడాలి. ఒక్క కీలులో ఎండిన చుక్క మిగిలితే ఆ మనిషి వారం తిరక్కుండా జ్వరంతో వెనక్కి వస్తాడు. కొందరు మళ్ళీ ఇంటికి వెళ్ళరు. అంట్లు తోమడమే ఇది. కాదని నేనెప్పుడూ అనలేదు.

మాకు రెండే డ్యూటీలు. ఉదయం ఏడు నుంచి మూడు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఎనిమిది. ఒక వారం ఇది, ఒక వారం అది. పాప పుట్టకముందు ఏ వారమైనా ఒకటే. పుట్టాక నా బతుకు వారానికొకలాగా అయింది. పాపకి పదకొండు నెలలు. పొద్దస్తమానం కిచకిచలాడుతూనే ఉంటుందని పిచ్చుక అని పిలుస్తాం. ఆస్పత్రి వెనక వీధిలో క్రెష్ ఉంది. పొద్దున్న ఆరున్నరకి తెరుస్తారు, సాయంత్రం ఐదున్నరకి మూస్తారు. ఉదయం డ్యూటీ వారమైతే నేనే దింపి నేనే తెచ్చుకుంటాను, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మధ్యాహ్నం డ్యూటీ వారమైతే దింపడం వరకు నేను. తెచ్చే మనిషి కావాలి.

ఆ మనిషి అత్తయ్య. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి చాలా కాలమైంది. మా ఇల్లు రెండో అంతస్తు. ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట. "నా కాలంలో నలుగుర్ని పెంచాను, ఎవర్నీ ఎవరింట్లోనూ పడెయ్యలేదు." ఆవిడ బాధ నిజమే. ఆ బాధ ఎప్పుడూ నా పేరు మీదే ఉండటం మాత్రం నాకు బాధ.

క్రెష్‌లో ఒక నియమం. మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే సీటు రద్దు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ సీటు కోసం అరవై మంది పేర్లు రాయించుకుని కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల ఏడాది లోపు పిల్లల్ని తీసుకునే క్రెష్ ఇంకొకటి లేదు. మొదటిసారి అత్తయ్య మోకాలు వాచి, ఆవిడ వెళ్ళేసరికి ఐదూ యాభై. రెండోసారి ఆవిడ ఊళ్ళో లేరు, మా ఆయన తెస్తానని మాటిచ్చి మర్చిపోయాడు. "మీటింగులో ఫోను సైలెంటులో ఉంది, ఏం చెయ్యను?" అన్నాడు. ఆ రోజు క్రెష్ నడిపే ఆంటీ చెప్పులేసుకుని, తాళంకప్ప ఒక చేత్తో, పిచ్చుకని ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉందట. ఇంక ఒక్కటే మిగిలింది. మూడోసారి ఆలస్యమైతే సీటు పోతుంది, సీటు పోతే ఉద్యోగం పోతుంది.

అందుకే దరఖాస్తు పెట్టాను. బిడ్డకి రెండేళ్ళు నిండేదాకా తల్లి ఒకే డ్యూటీ కోరుకోవచ్చని మా ఆస్పత్రి నిబంధనల పుస్తకంలో ఉంది. రోజూ ఉదయం డ్యూటీ వేస్తే చాలు. అత్తయ్యకి మెట్లు తప్పుతాయి, ఆయనకి మర్చిపోయే పని తప్పుతుంది, పిచ్చుక సాయంత్రమంతా నా దగ్గర ఉంటుంది.

దరఖాస్తు భాష దిద్దింది మా ఆయనే. ఆయన పని బీమా కంపెనీలో. ఎవరికి డబ్బు ఇవ్వడం కుదరదో వాళ్ళకి ఆ మాట నొప్పి తెలియకుండా ఉత్తరం రాయడం ఆయన ఉద్యోగం. మా వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని, పెన్ను మూత నోట్లో పెట్టుకుని, ఎంత శ్రద్ధగా చదివాడో! "'వేడుకుంటున్నాను' ఏంటే? కొట్టెయ్. 'కోరుతున్నాను' అని రాయి. ఇది నీ హక్కు. అడుక్కోవడం కాదు." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళైన నాలుగేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆయన నవ్వకుండా మాట్లాడింది అదే మొదటిసారి. మర్నాడు ఆయన చొక్కాలు రెండు ఎక్కువ ఇస్త్రీ చేశాను.

పన్నెండో రోజు జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. "ఇంటి వద్ద తగిన ఏర్పాటు ఉన్నట్లు తెలియవచ్చినందున అభ్యర్థన నిరాకరించడమైనది."

ఇంటి వద్ద ఏర్పాటు ఉందని తెలియవచ్చిందా? ఎవరి ద్వారా?

మా గదికి పెద్ద దిక్కు పెద్ద సిస్టర్. ఆవిడ కాగితం చదివి నా చేతిలో పెట్టి, "మా ఇద్దరు మగపిల్లల్నీ నేను అన్ని డ్యూటీలూ చేస్తూనే పెంచాను. పెద్దాడు ఇంజనీరు," అంది.

"రెండోవాడు?" అడిగాడు పక్క బల్ల దగ్గర కత్తెరలు తుడుస్తున్న కోచ్.

"నువ్వు నీ పని చూసుకో."

కోచ్ అంటే మాతో పనిచేసే కుర్రాడు. సాయంత్రాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాడు. దాని కోసం ఉదయం డ్యూటీ అడిగితే వారంలో ఇచ్చేశారు. నేను వాడి మీద ఏడవలేదు. కానీ బంతి వెనక పరిగెత్తే పిల్లలకి దొరికింది చంకలో ఉన్న పిల్లకి దొరకలేదేమని మాత్రం అనిపించింది.

ఎవరు చెప్పి ఉంటారు? ఆ వారమంతా నా బుర్రలో ఇదొక్కటే. బ్రష్షుతో కీళ్ళు తోముతూ అదే, పాపకి అన్నం మెత్తగా నలుపుతూ అదే. నాకు ఉదయం డ్యూటీ ఇస్తే ఎవరికి నష్టం? జవాబు నా ఎదురు బల్ల దగ్గరే ఉంది. మిలిటరీ. ఆవిడ అసలు పేరు మా గదిలో ఎవరూ వాడరు. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, నడక కవాతులా ఉంటుంది. కోచ్ ఉదయం డ్యూటీకి మారాక మధ్యాహ్నం డ్యూటీలు మా ఇద్దరి మధ్యే తిరుగుతున్నాయి. నేనూ మారితే మొత్తం ఆవిడ మీదే పడతాయి. ఒకసారి ఆవిడ మా వీధిలో కనబడితే అత్తయ్యని చూపించి, "మా అత్తగారు, పాపని ఈవిడే తెస్తారు," అని చెప్పిన సంగతి గుర్తొచ్చింది. అంతే, నేరం రుజువైపోయింది.

మర్నాడు అందరి ముందే అడిగాను. "మా అత్తగారి సంగతి ఆఫీసులో చెప్పింది మీరే కదూ?"

మిలిటరీ తల ఎత్తలేదు. ట్రేలో క్లిప్పులు లెక్కపెడుతోంది. "ఎనిమిది, తొమ్మిది... నేనెవరితోనూ చెప్పలేదు."

"పిల్లలున్నవాళ్ళ బాధ లేనివాళ్ళకేం తెలుస్తుందిలెండి!"

ఆవిడ లెక్క ఆపి, క్లిప్పులన్నీ మళ్ళీ బల్ల మీద గుమ్మరించి, ఒకటి నుంచి మొదలుపెట్టింది. కాసేపటికి, నా వైపు చూడకుండానే అంది.

"మీ ఇంట్లో ఏ ఏర్పాటుందో మీ ఇంట్లోవాళ్ళకే కదమ్మా తెలిసేది."

ఆ మాట ఆ క్షణం నాకు ఎత్తిపొడుపులా వినబడింది. ఇంటికెళ్ళాక అనుమానం అత్తయ్య మీదికి మళ్ళింది. ఆవిడ కాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెడుతూ, మామూలుగా అడిగినట్టు అడిగాను. "అత్తయ్యా, మా ఆస్పత్రి నుంచి మీకేమైనా ఫోన్ వచ్చిందా?"

"నాకెవరు చేస్తారే? చేస్తే బాగుండు, దీనికి పొద్దుటి డ్యూటీ పడెయ్యండి నాయనా, నా మోకాళ్ళు నిలుస్తాయి, మీకు పుణ్యముంటుంది అని చెప్పేదాన్ని. కొంచెం పైన పెట్టు, అక్కడ కాదు."

అబద్ధమాడే గొంతు కాదది. మిలిటరీ పేరు కొట్టేశాను. అత్తయ్య పేరు కొట్టేశాను. ఇంట్లో ఉన్నదే ముగ్గురు పెద్దవాళ్ళం. రోజుకి ముప్ఫై ట్రేలు లెక్కపెట్టి ఒక్క పట్టకారు తగ్గినా పట్టుకునే మనిషిని, ఈ చిన్న లెక్క మాత్రం చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదనడం నిజం. పాప పక్కన పడుకుని ఆయన దానికి వేళ్ళు లెక్కపెట్టి చూపిస్తుంటే, ఆ మూడో పేరు నా మనసులోకి రావడానికి కూడా సిగ్గుపడింది.

అప్పీలు పెట్టాను. ఈసారి దిద్దమని ఆయన్ని అడగలేదు, చెప్పనూ లేదు. మళ్ళీ కాదంటే నలుగురిలో నవ్వులపాలవుతానని. పై సోమవారం నాలుగున్నరకి రమ్మన్నారు.

శనివారం అత్తయ్యని డాక్టరుకి చూపించాం. మోకాలిలో నీరు చేరింది, నెల రోజులు మెట్లు దిగొద్దన్నాడు. సోమవారం నుంచి నాది మధ్యాహ్నం డ్యూటీ. సోమవారం పొద్దున్న టిఫిను పళ్ళెం ముందు పెడుతూ ఆయన్ని అడిగాను. "సాయంత్రం పాప సంగతి?"

"నేను తెస్తాను."

"ఐదున్నర. ఇది మూడోది, గుర్తుందా?"

"ఎన్నిసార్లు చెప్తావే? ఐదింటికే బయల్దేరతాను. నా కూతురు కాదా అది?" వేడివేడిగా తింటూ, "చూశావా, నువ్వు పొద్దున్న ఇంట్లో ఉన్న వారం ఈ ఇల్లు ఇల్లులా ఉంటుంది," అన్నాడు. చేతికి టిఫిన్ బాక్సు అందుకుని, పాప బుగ్గ మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట మెచ్చుకోలే అనుకున్నాను. చాలాకాలానికి మెచ్చుకున్నాడు కదా అని మెట్ల దాకా వెళ్ళి చెయ్యి కూడా ఊపాను.

నాలుగున్నరకి ఆఫీసు గదిలో కూర్చున్నాను. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు మంచాయనే. జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూ ఫైలు తిప్పాడు. పక్క బల్ల దగ్గర క్లర్కమ్మ.

"ఏర్పాటు ఉందని రాశారు. ఎవరు చెప్పారండీ?" అడిగాను.

"ఇంటికి ఫోన్ చేశాం కదమ్మా," అన్నాడాయన, నాకు తెలిసే ఉంటుందన్నట్టు. "ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఇలాంటి కాగితం వస్తే ఇంట్లోవాళ్ళని ఒక మాట అడుగుతాం. రూలేం కాదు. ఎప్పట్నుంచో వస్తున్న అలవాటు."

"కోచ్ వాళ్ళింటికి చేశారా?"

క్లర్కమ్మ నవ్వింది. "మగవాళ్ళకి ఎందుకండీ?"

"మా ఇంట్లో ఎవరితో మాట్లాడారు?"

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని ఫైల్లోంచి చదివాడు. "భర్తతో మాట్లాడడమైనది. తన తల్లి ఇంట్లోనే ఉంటుందని, పాప బాధ్యత ఆమె చూసుకుంటుందని, భార్య అలసట వల్ల అడుగుతోంది తప్ప అవసరం లేదని, ఇవ్వకపోయినా అభ్యంతరం లేదని చెప్పారు." ఆగి నా మొహం చూశాడు. "మీకు చెప్పలేదా?"

వంటింటి బల్ల, నోట్లో పెన్ను మూత, 'కోరుతున్నాను'. ఆ దరఖాస్తు నా చేత రాయించిన చేత్తోనే ఫోనెత్తి వద్దన్నాడా? పొరపాటేమో. క్లర్కు తప్పుగా రాసుకుందేమో. ఆయన ఏదో మొహమాటానికి అన్న మాటని వీళ్ళు పట్టుకున్నారేమో. నాలుగేళ్ళుగా ఆయన కోసం సాకులు వెతికే అలవాటు కదా, ఆ గదిలో కూడా నా బుర్ర వంగి అదే పని చేసింది.

ఆఫీసరుకి నా మీద జాలి కలిగినట్టుంది. "పోనీ ఇప్పుడు చేద్దామా? ఆయన సరేనంటే ఇక్కడికిక్కడే రాసిచ్చేస్తాను."

"చెయ్యండి. స్పీకర్లో పెట్టండి. నేనున్నానని చెప్పకండి."

ఆయన కొంచెం తటపటాయించి నంబరు నొక్కాడు. మా ఆయన రెండు రింగులకే ఎత్తాడు.

"ఓ, మీరా సార్! చెప్పండి, చెప్పండి." ఆఫీసులో వాడే గొంతు. నేను ఎప్పుడైనా ఫోన్ చేస్తే వచ్చే గొంతు కాదు.

"మీ భార్య అప్పీలు పెట్టుకున్నారండీ."

"అప్పీలా?" తర్వాత నవ్వు. "తనకి పట్టుదల ఎక్కువ సార్. పాప పుట్టాక కొంచెం... మీకు తెలియందేముంది, నిద్ర చాలదు కదా. మొన్న పాల సీసా మూతకి టేపు అంటించి, దాని మీద సంతకం పెట్టి టైము రాసింది! మా ఆఫీసులో ఫోటో చూపిస్తే ఒకటే నవ్వు."

క్లర్కమ్మ కిందికి చూస్తూ పెదవులు బిగపట్టింది.

"ఉదయం డ్యూటీ ఇస్తే మీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది సార్? ఇల్లన్నాక పొద్దున్నే ఆడమనిషి ఉండాలి కదా. అమ్మ పెద్దావిడ. టిఫినూ, నా బాక్సూ, అమ్మ కాళ్ళకి కాపడమూ... ఇప్పుడు కనీసం వారం విడిచి వారమన్నా సాగుతోంది. అదీ లేకపోతే ఇంక ఆ ఇంట్లో ఏముంది చెప్పండి?"

నేను బల్ల మీది చిత్తుకాగితం లాక్కుని, పెన్సిల్‌తో రాసి ఆఫీసరు ముందుకి జరిపాను. ఆయన చదివి అడిగాడు. "ఇవాళ సాయంత్రం పాపని ఎవరు తెస్తారు?"

"అమ్మే సార్. రోజూ అమ్మే."

"మీరు?"

"నేను ఆరున్నర దాకా సీట్లోనే ఉంటాను, ఇంకేమైనా కావాలంటే చెయ్యండి. సార్, ఒక్క మాట. మీరేం మొహమాటపడొద్దు. ఈ వారంతో అంతా తేలిపోతుంది. తనంతట తనే మానేస్తుంది. మీ మీదికి మాట రాదు, మా మీదికీ రాదు."

ఫోన్ పెట్టేశాడు. గోడ గడియారం నాలుగూ యాభై రెండు.

ఏడుపొస్తుందని ఆ ఇద్దరూ ఎదురుచూశారు. క్లర్కమ్మ నీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. నాకు ఏడుపు రాలేదు. అత్తయ్య ఇప్పుడు కాళ్ళు స్టూలు మీద చాపుకుని రెండో అంతస్తులో కూర్చుని ఉంటారు, మెట్టు దిగలేరు. ఆ సంగతి ఆయనకి తెలుసు. శనివారం డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నాడు. ఆయన రాడు, ఆవిడ రాలేరు, నేను ఎనిమిదింటి దాకా కింద ఉంటాను. ఐదున్నరకి క్రెష్ ఆంటీ తాళంకప్ప చేతిలోకి తీసుకుంటుంది. ఈ వారంతో తేలిపోతుందంటే అర్థం అది. నన్ను ఎవరూ మాన్పించరు, ఎవరూ తిట్టరు, చెయ్యి చేసుకోరు. ఒక సాయంత్రం ఒక మనిషి కుర్చీలోంచి లేవడు, అంతే. తర్వాత వచ్చి నన్ను ఓదారుస్తాడు. రెండోసారి ఫోను సైలెంటులో ఉందన్నాడే, అదీ ఇలాంటిదేనా? ఇంక దేన్ని నమ్మాలో, దేన్ని విప్పి చూడాలో తెలియలేదు. నాలుగేళ్ళలో ఆయన అన్న ప్రతి మంచిమాటా బల్ల మీద గుమ్మరించినట్టయింది. లెక్కపెట్టే టైము లేదు. నాకున్నది ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

"భార్యాభర్తల మధ్య నేను వేలు పెట్టలేనమ్మా," అంటున్నాడు ఆఫీసరు. "మీరిద్దరూ కూర్చుని ఒక మాట మీదికి వస్తే..."

"ఈ ఆస్పత్రిలో అసలు ఎవరికైనా ఇచ్చారా ఇది?"

ఆయన క్లర్కమ్మ వైపు చూశాడు. ఆవిడ రిజిస్టరు తిప్పింది. "ఎందుకివ్వలేదండీ, నలుగురికి ఇచ్చాం. ముగ్గురు భర్త పోయినవాళ్ళు. ఇంకొకావిడ వేరుగా ఉంటోంది. వాళ్ళకి ఏ అడ్డూ ఉండదు కదా. ఫోన్ చేద్దామన్నా ఎవరికి చేస్తాం?"

ఆవిడ చాలా మామూలుగా అంది. ఎవర్నీ నొప్పించాలని కాదు.

"ఆ నాలుగో ఆవిడ ఏం చూపించింది?"

"వేరే చిరునామా. వేరుగా ఉంటున్నానని ఒక సంతకం. అంతకంటే అడగం."

"ఆ కాగితం నాకివ్వండి."

ఆఫీసరు కళ్ళజోడు తీసేశాడు. "అమ్మా, కోపంలో తీసుకునే నిర్ణయాలు..."

"కోపం కాదండీ. టైము లేదు. అది తెచ్చిస్తే ఎప్పట్నుంచి ఉదయం డ్యూటీ?"

"రేపు పొద్దున్న ఇస్తే... ఎల్లుండి నుంచి వేస్తాను. కానీ అందులో రాసింది నిజమై ఉండాలమ్మా. అబద్ధమని తేలితే ఉద్యోగమే పోతుంది."

"నిజమే రాస్తాను," అన్నాను.

కిందికి పరిగెత్తాను. నా బల్ల మీద సగం సర్దిన ట్రే ఉంది. ఆపరేషన్లు ఎక్కువని మూడింటికి వెళ్ళకుండా ఉండిపోయిన మిలిటరీ ఎదురు బల్ల దగ్గర టేపు చింపుతోంది. పదిహేను రోజులుగా మా ఇద్దరి మధ్య ఒక్క అనవసరమైన మాట లేదు. నేను అన్న మాట తర్వాత ఉండటానికి వీల్లేదు కూడా. గౌను విప్పుతూ ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, నేను ఇప్పుడే వెళ్ళాలి. పాపని తెచ్చేవాళ్ళు లేరు. ఆ రోజు నేను మిమ్మల్ని అన్న మాట..."

"ట్రే ఎంతదాకా వచ్చింది?"

"పద్నాలుగు."

"మొదట్నుంచి లెక్కపెట్టాలి అయితే." మా దగ్గర ఒకరు సగం సర్దిన ట్రేని ఇంకొకరు పూర్తి చెయ్యకూడదు. ఆవిడ ఆ ట్రేని తన వైపు లాక్కుని బోర్లించింది. "వెళ్ళు. పెద్ద సిస్టర్‌కి నేను చెప్తాను."

ఇంతకంటే సిగ్గులేని పని నా జన్మలో చెయ్యలేదు. అయినా అడిగాను.

"మీ వీధిలో అద్దెకి ఒక గది దొరుకుతుందా అక్కా? ఇవాళే కావాలి. నాకూ పాపకీ."

ఆవిడ అప్పుడు తలెత్తింది. నా మొహంలో ఏం కనబడిందో, ఆఫీసులో ఏం జరిగిందని గానీ, మొగుడేడని గానీ అడగలేదు. చేతికున్న గ్లవ్ తీసి, ఖాళీ చీటీ మీద చిరునామా రాసింది.

"మా అమ్మ గది. పోయినేడు పోయింది. కిటికీ సరిగ్గా పడదు, గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. తాళంచెవి కింద దుకాణంలో ఉంటుంది, నేను చెప్పానను." చీటీ నా చేతిలో పెడుతూ, "పాప ఏడుస్తుందా?" అంది.

"తక్కువే."

"ఏడిస్తే ఏడవనీ. ఆ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది."

క్రెష్ గేటు దగ్గరికి చేరేసరికి ఐదూ ఇరవై నాలుగు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. పిచ్చుక చాప మీద ఒక్కతే కూర్చుని సాక్సు నోట్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసి కిచకిచమని రెండు చేతులూ చాపింది. ఆంటీ గడియారం చూసి, నన్ను చూసి, రిజిస్టరు ముందుకి తోసింది.

"ఇవాళ వాళ్ళ నాన్న వస్తారని పొద్దున్న చెప్పావు కదా? నేను మళ్ళీ మూడోసారి రాయాల్సొస్తుందని భయపడ్డాను."

"రేపు సెలవు పెడతాను, ఎల్లుండి నుంచి రోజూ నేనే వస్తానండీ. మూడుంపావుకి."

"డ్యూటీ మార్చారా?"

"మారుస్తారు."

సంతకం పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాను. పిల్లవి రెండు జతల బట్టలు ఆ సంచీలోనే ఉన్నాయి, సీసాలు రెండు. మిగతావాటికి రేపు ఆయన ఆఫీసుకెళ్ళాక వెళ్ళాలి. అత్తయ్యకి కాపడం ఎవరు పెడతారని అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే విసుగు పుట్టింది. అయినా అది పోలేదు. ఆవిడ తప్పేమీ లేదు ఇందులో. ఆ కాళ్ళు ఆవిడ కొడుకు కూడా పట్టుకోవచ్చని ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు.

మిలిటరీ వాళ్ళ వీధి మలుపు దగ్గర ఫోన్ మోగింది. ఐదూ నలభై.

"సారీ రా," అన్నాడు. ఎంత మెత్తగా ఉందో ఆ గొంతు. "మీటింగులో ఇరుక్కుపోయాను. ఇప్పుడే టైము చూసుకున్నాను. మూడోది కదూ ఇది? క్రెష్ వాళ్ళు ఫోన్ చేశారా? సీటు తీసేశామన్నారా?"

నేను పాపని ఇంకో చంకకి మార్చుకున్నాను. నేనేమీ అనకపోయేసరికి ఏడుస్తున్నాననుకున్నట్టున్నాడు.

"ఏడవకు. చూడు, ఒక్కోసారి ఇలాంటివి కూడా మన మంచికే జరుగుతాయి. నువ్వు ఎంతకని పరిగెడతావు చెప్పు? ఉద్యోగం ఎక్కడికీ పోదు, రెండేళ్ళు పోయాక మళ్ళీ చూసుకోవచ్చు. నేనున్నాను కదా. ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఇంటికి రా, కూర్చుని నిదానంగా మాట్లాడుకుందాం. రాజీనామా ఉత్తరం నేనే రాసిపెడతాను, నువ్వు సంతకం పెడితే చాలు."

ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎంతో ఓపిగ్గా, ఒక్కో మాటా ఏరుకుని. క్రెష్ మూసి పది నిమిషాలైంది. తన తల్లి మెట్లు దిగలేరని ఆయనకి తెలుసు, నేను డ్యూటీలో ఉన్నానని అనుకుంటున్నాడు. అన్ని మాటల్లోనూ, పాప ఇప్పుడు ఎవరి దగ్గరుందని మాత్రం అడగలేదు.

నేనూ చెప్పలేదు.